సమా కోసం ఒక జత స్పీకర్లు

కొందరికి కారు ఖ్వాబ్. కొందరికి ఊరి బయట ప్లాటు. నా ఖ్వాబ్ ఒక జత లౌడ్‌స్పీకర్లు. షాదీల్లో గోడలు దద్దరిల్లించే రకం కాదు. ఇషా నమాజ్ అయ్యాక లైటు తగ్గించి, ఎదురుగా కూర్చుని, ఒక గంటసేపు ఇంకే పనీ పెట్టుకోకుండా వినడానికి పనికొచ్చేవి. మా బేగం ఈ తమన్నాని ఒక్క ముక్కలో తూచేసింది: "దో డబ్బోఁ కూ ఇత్తే పైసే?" రెండు డబ్బాలకి అంత డబ్బా అని. ఆమె సవాల్ న్యాయమైనదే. అందుకే జవాబ్ కాస్త వివరంగా రాస్తున్నాను.

సమా అంటే అరబీలో వినడం. అల్లాహ్ పేర్లలో అస్-సమీ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే, అంతా వినేవాడు అని. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో సమా మీద విడిగా ఒక భాగమే రాశారు. అందులో హజ్రత్ జునైద్ బగ్దాదీ మాట ఒకటి వస్తుంది. సమాకి మూడు కావాలట: జమాన్, మకాన్, ఇఖ్వాన్. తగిన వేళ, తగిన చోటు, తగిన తోడు. స్పీకర్లు కొనాలనుకునే వాడికి ఇంతకన్నా మంచి నుస్ఖా నాకెక్కడా దొరకలేదు.

ముందు మకాన్. మా హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. సిమెంటు గోడలు, కింద టైల్స్. ఇలాంటి గదిలో స్పీకర్ ఎంత ఖరీదైనదైనా సగం మాట గదిదే. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర బాస్ ఉబ్బుతుంది. ఆ కింది స్వరాలను దండిగా ఇచ్చే నిలువెత్తు టవర్ స్పీకర్లు తెచ్చిపెడితే తబలాలో బాయాఁ దెబ్బ నగారా అయి కూర్చుంటుంది. అందుకే షోరూమ్‌లో మెరిసే ఆ పెద్ద జతలకు దూరం నుంచే సలామ్ కొట్టాను. అడుగు ఎత్తుండే చిన్న పెట్టెలు, గట్టి స్టాండ్ల మీద, వెనక గోడకి రెండడుగుల ఎడంగా, ట్వీటర్ చెవి ఎత్తులో. రెండు పెట్టెలకీ మధ్య ఎంత దూరమో, వాటి నుంచి నా కుర్చీకీ సుమారు అంతే దూరం. మిగతా పని దళసరి ఖాలీన్, పర్దాలు, కితాబుల అల్మారా చేస్తాయి. ఇవన్నీ ఇంట్లో ఉన్నవే, ఖర్చు లేదు.

ఇక జమాన్. దీనికి రెండు అర్థాలు చెప్పుకున్నాను. ఒకటి రాత్రి వేళ. రెండోది నా ఉమర్. మనిషి చెవి చిన్నతనంలో 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసుతో పాటు ముందు పైవరస రాలిపోతుంది. నలభైలు దాటాక 15,000 పైన ఉన్నవి చాలామందికి అందవు. నాకూ అందడం లేదు. మా అబ్బాకి చివరి రోజుల్లో మనవరాలి సలామ్ కూడా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఇదంతా తెలిశాక, స్పీకర్ 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందని బ్రోషర్‌లో రాసిన మాట నాకెందుకు? నా దగ్గర ఇంకా పదిలంగా ఉన్నది మధ్యవరస. మనిషి ఆవాజ్ ఉండేది అక్కడే. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా పట్టేది కూడా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలోనే. అందుకే నాసిరకం స్పీకర్‌లో నాదస్వరం చెవిలో గుచ్చుకుంటుంది. మన ప్రకాశం జిల్లా కరవది బిడ్డ షేక్ చిన మౌలానా సాహెబ్ ఊదిన తోడి రాగం గుచ్చుకుంటే ఆ ఖుసూర్ ఆయనది కాదు, డబ్బాది.

ఆవాజ్ కోసమే పుట్టిన స్పీకర్ల ఖాన్దాన్ ఒకటుంది. 1970లలో బీబీసీ ఇంజినీర్లు తమ ప్రసార వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి మానిటర్ తయారు చేశారు. అంత ఇరుకులో ఇయర్‌ఫోన్ లేకుండా అనౌన్సర్ గొంతు ఉన్నది ఉన్నట్టు తెలియాలి, అదీ షర్త్. స్పీకర్ పక్కన మనిషిని నిలబెట్టి మాట్లాడించి, అదే గొంతును స్పీకర్‌లోనూ విని పోల్చుకోవడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. అక్కడ పనిచేసిన స్పెన్సర్ హ్యూజ్ తన పేరూ భార్య డొరోథీ పేరూ కలిపి స్పెండర్ కంపెనీ పెట్టాడు. డడ్లీ హార్వుడ్ 1977లో తన పేరుకి భార్య ఎలిజబెత్ పేరు జోడించి హార్బెత్ పెట్టాడు. ఈ కిస్సా బేగంకి చెప్పాను, దిల్ కరుగుతుందేమోనని. "మన ఇద్దరి పేర్లు కలిపి ముందు బేటీ కాలేజీ ఫీజు రసీదు మీద రాయించండి" అంది.

మూడోది ఇఖ్వాన్. ఇదే కష్టం. మా భాయ్‌జాన్ జమాత్‌లో తిరిగే మనిషి. సంగీతం విషయంలో ఆయన మాట ఒక్కటే: నాజాయిజ్. గజాలీ షర్తులు పెట్టి అనుమతించారు, ఎందరో ఉలమా కాదన్నారు. వందల ఏళ్ల ఇఖ్తిలాఫ్ ఇది. దాన్ని మా హాల్లో కూర్చుని నేను తేల్చలేను, ఆయన్ని హుజ్జత్‌తో గెలవాలనీ లేదు. కానీ షోరూమ్‌కి వెళ్లిన రోజు కారు ఆయనదే, కాబట్టి ఆయనా లోపలికి వచ్చారు.

అమ్మే కుర్రాడు ముందు ఉరుములు వినిపించాడు, తర్వాత డ్రమ్స్. అన్నీ బాగానే అనిపించాయి. ఉరుము అసలు ఎలా ఉండాలో పోల్చుకోవడానికి మన దగ్గర కొలత ఏముంది? అప్పుడు ఖారీ అబ్దుల్ బాసిత్ పాత రికార్డింగ్ పెట్టమన్నాను. ఖిరాత్ సంగీతం కాదు, ఆ ఫరఖ్ నాకు తెలుసు. కానీ నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఆవాజ్ అది. పెద్ద టవర్లలో ఖారీ సాహబ్ నోరు తలుపంత అయింది, ఛాతీ బావిలోంచి పలికినట్టు మోగింది. అడుగు ఎత్తు హార్బెత్ పీ3లకు మార్చగానే రెండు పెట్టెల మధ్య, అవి లేనట్టుగా, ఒక మనిషి కూర్చున్నాడు. భాయ్‌జాన్ కళ్లు మూసుకున్నారు. తిలావత్ ఆగాక మెల్లగా, "సాంస్ భీ సునాయి దీ" అన్నారు. ఊపిరి కూడా వినిపించిందని. తర్వాత బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీ పెట్టమన్నాను. ఆ ఉస్తాద్ 1968లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు, దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన ఖబర్ ఉంది. పాట మొదలవగానే భాయ్‌జాన్ లేచి బయటికెళ్లి కారు దగ్గర నిలబడ్డారు. ఒక్క మాట అనలేదు. ఆయన పోవడం ఆయన ఈమాన్, నేను కూర్చోవడం నా షౌఖ్. అయినా ఆ ఠుమ్రీ సగంలో నా చెవి తలుపు వైపే ఉంది. తోడు గురించి జునైద్ సాహెబ్ ఎందుకన్నారో అప్పుడు సమఝ్ అయింది.

పసంద్ మాత్రం ఖాయమైంది. ఈ చిన్న పెట్టెలు శక్తిని కాస్త ఎక్కువే తాగుతాయి. సామర్థ్యం 3 డెసిబెల్స్ తగ్గితే అదే మోతకి ఆంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. అయినా మా గదికి మంచి 50 వాట్లు చాలు. అసలు చిక్కు ధర. లక్షల్లో ఉంది. షోరూమ్ వాళ్లు ఈఎంఐ అన్నారు, అందులో సూద్ ఉంది కాబట్టి ఆ దారి బంద్. నెలనెలా పక్కన పెట్టడమే. అది కూడబెట్టుకున్న సొమ్మే కాబట్టి, నిసాబ్ లెక్కలో ఉండి ఏడాది నిండితే దాని మీదా 2.5 శాతం జకాత్ తీయాలి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక బేగం "ఇస్రాఫ్" అనడం కొంచెం తగ్గించింది. షౌఖ్ ముందు గరీబుల హక్ బయటికి తీస్తున్నాననా, ఈ లెక్కన కొనేసరికి ముసలివాళ్లమవుతామనా, అడగలేదు.

ఈలోగా హాలు సర్దేశాను. ఖాలీన్ పరిచాను, అల్మారా జరిపాను, కుర్చీలు రెండు వేశాను. ఉన్న పాత స్పీకర్లే, పావుగంట, ఫోన్ వేరే గదిలో. మొన్న జుమ్మారాత్ రాత్రి బేగం వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. బేగం అఖ్తర్ గజల్ మొత్తం విని, "ఇంకొకటి పెట్టండి" అంది.