ఒకే అంకె, రెండు అర్థాలు

నంద్యాల దగ్గర గోస్పాడు వున్నది. కుందూ నది గట్లమధ్య పారినంతకాలం అక్కడి వరిమళ్ళకు దిగులు లేదు. పొంగినా, ఎండినా కష్టమే.

మొన్న ఆ వూళ్ళో ఒక తల్లి నాకు రెండు రక్తపరీక్ష కాగితాలు చూపింది. పదేళ్ళ కొడుకుకూ, పదమూడేళ్ళ కూతురికీ హిమోగ్లోబిన్ 11.6. "ఇద్దరికీ సమానమేగదా, మాస్టారూ!" అన్నది.

అంకె సమానమే. కాని 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆ పిల్లవాడికి 11.5 గ్రాములు చాలు. పన్నెండు నిండిన అక్కకు 12 వుండాలి. నాన్నకయితే 13! ఏటికి వున్నట్టే రక్తానికీ గట్లున్నవి. అయితే మనిషినిబట్టి అవి జరుగుతవి.

ఈ గట్లు ఎవరు వేశారంటారా? చాలా పరీక్షలకు ఆరోగ్యవంతులను అనేకమందిని పరీక్షించి, నూటికి 95 మంది అంకెలు ఇమిడేటట్టు హద్దులు గీస్తారు. మిగిలిన ఐదుగురూ ఆరోగ్యవంతులే సుమా! గట్టు దాటినంతనే జబ్బని బెదరక, డాక్టరుగారిని అడగాలి.

ఆ అమ్మాయి నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడుతున్నదట. మరునాడే తల్లి ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్ళింది.