వాడ చివరి ఇంటి దాకా

మేమిద్దరం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివాం. ఈమధ్యే పక్కపక్క ఊళ్లలో గ్రామీణ డాక్ సేవకులుగా చేరాం. ఈ ఉద్యోగానికి రాతపరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. రాత్రి స్టడీ అవర్లో కునికిపాట్లు పడుతూ చదివిన చదువే మాకు అన్నం పెట్టింది. రోజుకు నాలుగు గంటల పనికి 2018లో నిర్ణయించిన మూల భత్యం నెలకు 10,000 రూపాయలు, దానిపైన కరువు భత్యం.

పొద్దున్నే సంచి విప్పి, తేదీ ముద్ర వేసి, ఉత్తరాలు వీధుల వారీగా సర్దుకుంటాం. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయినా, పెద్దవాళ్లు ఇంకా "రిజిస్టరు వచ్చిందా?" అనే అడుగుతారు.

మా చిన్నప్పుడు మా వాడ ఉత్తరాలు ఊళ్లో అరుగు మీదే ఆగిపోయేవి. ఇంటర్వ్యూ కాగితం తేదీ దాటాక చేతికందిన అన్నలున్నారు. ఇప్పుడు మేం వాడ చివరి ఇంటి దాకా వెళ్తాం. మా నాన్నలు గడప బయటే నిలబడిన ఇళ్లకూ వెళ్తాం. కొందరు అరుగు మీద పెట్టి పొమ్మంటారు. "సంతకం కావాలండీ" అని నిలబడతాం. వచ్చి పెడతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చిరునామాలో వాడ పేరు రాయడానికి మొహమాటపడకండి. 1972లో వచ్చిన పిన్‌కోడు ఆరంకెలు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకానే తెస్తాయి. అక్కడి నుంచి గడప దాకా తేవాల్సింది మనిషే. ఆ మనిషి మనలోంచి కూడా రావాలి.