కాలవగట్టు కబుర్లు – 17: జారి పడలేదు

ఈ భాగం ఎప్పుడో రాయాలి. పిటిషన్ పడేదాకా ఫేస్‌బుక్‌లో ఒక్క ముక్క కూడా పెట్టొద్దని లాయరుగారు అన్నారు, ఆగాను. ఇప్పుడు కూడా ఊరి పేరు, ఆసుపత్రి పేరు, స్టేషన్ పేరు రాయడం లేదు. ఇన్‌బాక్స్‌లో అడగొద్దు.

2024 డిసెంబరు మొదటి వారం, సార్వా కోతలు. నేను రోజూ పొద్దున్న ఆరున్నరకి మా పేటలో బండి తీసి రావులపాలెం, జొన్నాడ మీదుగా రాజమండ్రి వెళ్తాను. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. వెనకాల తమ్ముడు కూర్చుంటాడు. సొంత తమ్ముడు కాదు, బాబాయి కొడుకు. టైల్స్ పని. వారానికి రెండుసార్లు పెట్రోలు వాడు పోయిస్తాడు, మిగతా నాది. హైవే మీద లారీల మధ్య నాలుగేళ్ళు తిరిగాం, ఏమీ కాలేదు. అయింది మా ఊరి కాలవగట్టు మీద, ఇంటికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా.

డెల్టా బయట ఉన్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కోతలప్పుడు మా రోడ్లు సగం రోడ్లు, సగం కళ్ళాలు. మిషన్ కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టాలి. భూమి గల ఆసామికి ఇంటి ముందు గచ్చు ఉంటుంది, దొడ్డి ఉంటుంది. కౌలు రైతుకి ఏముంటుంది? రోడ్డుంటుంది. పగలు పరుస్తారు, సాయంత్రం కుప్ప చేసి పైన నల్ల బరకం కప్పి, అంచులు లేవకుండా రాళ్ళు పెడతారు. చీకటి పడ్డాక నల్ల రోడ్డు మీద నల్ల బరకం. పేపర్లో ఏటా వార్త వస్తుంది, "రైతుల నిర్లక్ష్యం" అని. ఆ రైతు ఎవరు, ఎవరి చేను చేస్తున్నాడు, గచ్చు ఎందుకు లేదు అని ఎవరూ రాయరు.

ఆ కుప్ప మా మావయ్యది. వరసకి మావయ్య, మా పేటే. రెండెకరాలు కౌలు. కౌలు కార్డు లేదు. 2019 చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టలేదు.

ఏడు దాటింది. కుప్ప ఎదురుగా వచ్చేవాళ్ళ వైపు ఉంది. అంటే ఎదురొచ్చే బండే ఆగి మాకు దారివ్వాలి. కారు ఆగలేదు. కుప్పని తప్పించుకుని మా సగంలోకి వచ్చేసింది. నేను అంచుకి దిగాను, అటు కాలవ. కారు అద్దం నా హ్యాండిల్‌కి తగిలింది. బండి కుడి పక్కకి, రాళ్ళ మీదకి పడింది. నాకు భుజం ఎముక చిట్లింది. తమ్ముడు కుడి చెయ్యి ఆనించి పడ్డాడు. మణికట్టు దగ్గర చెయ్యి చెయ్యిలా లేదు. నా తలకి హెల్మెట్ ఉంది, వాడికి లేదు. ఒకటే కొన్నాను. ఇది కూడా రాయాలి కదా.

కారు యాభై గజాల అవతల ఆగింది. దిగినవాడు కుర్రాడు, మా ఊరి పెద్ద ఆసామి కొడుకు. పారిపోలేదు. వణికిపోతున్నాడు. "అన్నా, సారీ అన్నా" అంటూ మమ్మల్ని తన కారులోనే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే డబ్బులూ వాడే కట్టాడు. ఇదంతా నిజం. మంచి పని.

క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు అడిగారు, "ఎలా జరిగింది?" కుర్రాడు అప్పటికే ఫోన్లో తండ్రితో మాట్లాడి ఉన్నాడు. "రోడ్డు మీద ధాన్యం ఉందండి, బండి జారి పడ్డారండి" అన్నాడు. డాక్టరు నా వంక చూశారు. నేను తల ఊపాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇందుకే ఇదంతా రాస్తున్నాను. పదిహేనేళ్ళుగా ఎవరికి దెబ్బ తగిలినా అర్జీ రాసిచ్చింది నేను. మన కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాస్తే, దాన్ని జిరాక్సులు తీసి హాస్టళ్ళలో పంచాను. అలాంటివాణ్ణి తల ఊపాను. నొప్పి అని చెప్పుకోవచ్చు. నొప్పి ఒక్కటే కాదు. మా బండి ఇన్సూరెన్స్ రెండు నెలల కింద అయిపోయింది, కట్టలేదు. ఆ భయం ఉంది. అంతకన్నా, కారు ఎక్కించుకుని తెచ్చినవాడు పక్కన నిలబడి ఉంటే కాదనడానికి నోరు రాలేదు. వాళ్ళ గుమ్మంలో మా తాత నిలబడినప్పటి మొహమాటం అది, నా ఒంట్లో ఇంకా ఉంది.

ఆసుపత్రి పుస్తకంలో మొదట పడ్డ మాట అది. బండి జారి పడుట. మెడికో లీగల్ కేసు అని రాసుకుని స్టేషన్‌కి పంపే కాయితం మీద కూడా అదే మాట. రేపు క్లెయిమ్ వేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొదట తెరిచే పేజీ అదే. ఎవరి బండీ తగల్లేదు, వాళ్ళంతట వాళ్ళే పడ్డారు అంటే అవతలి బండి ఇన్సూరెన్స్ నుంచి ఒక్క రూపాయి రాదు.

తమ్ముడి చేతికి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నాలుగో రోజు పెద్దమనుషులు వచ్చారు. ఎవరూ ఒక్క మాట తూలలేదు. కులం పేరెత్తలేదు. "బాబూ" అన్నారు, మంచం మీద మా పక్కనే కూర్చున్నారు, అమ్మ ఇచ్చిన టీ తాగారు. అట్రాసిటీ కేసుకి పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా లేదు. 30,000 ఇస్తాం అన్నారు. కుర్రాడికి అమెరికా ప్రయాణం ఉంది, వీసా పనులు నడుస్తున్నాయి, ఎఫ్ఐఆర్‌లో పేరు పడితే జీవితం పోతుంది అన్నారు. "ఆసుపత్రికి తీసుకెళ్ళినోడి మీద కేసేంటి బాబూ, మనిషన్నాక విశ్వాసం ఉండాలి కదా" అని ఒకాయన. పేటలో మనవాళ్ళూ సగంమంది అదే మాట. నిజానికి దెబ్బ తగిలినవాళ్ళకి వైద్యం అందేలా చూడటం, పోలీసులకి తెలియజేయటం ఆ బండి నడిపినవాడి బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే చెబుతుంది. మొదటిది చేశాడు. రెండోది చెయ్యలేదు.

స్టేషన్‌కి వెళితే హెడ్ కానిస్టేబులు నెమ్మదిగానే మాట్లాడాడు. "జారి పడ్డామని మీరే చెప్పారు కదండీ మాస్టారూ. మీ బండికి ఇన్సూరెన్స్ కూడా లేదు, మీ మీదే తిరుగుద్ది. పోనీ కేసే కావాలంటే రోడ్డు మీద ధాన్యం పోసినోడి మీద పెడదాం." అంటే మావయ్య మీద. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్, దారికి అడ్డం పెట్టినందుకు 5,000 దాకా జరిమానా. మాకు పైసా రాదు, పేటలో ఒకరి మీద ఒకరికి కేసు మాత్రం మిగులుతుంది. ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఇది వాళ్ళు మొదటిసారి వాడుతున్న ఉపాయం కాదని అర్థమైంది.

ఆ రాత్రి తమ్ముడు నన్ను అడిగాడు, "అన్నా, నా చెయ్యి మునుపటిలా తిరుగుద్దా?" డాక్టరు పూర్తిగా తిరగదని నాకు చెప్పారు, వాడికి చెప్పలేదు. టైల్ పరిచేవాడికి మణికట్టే పని. నాకు భుజం నొప్పి ఉన్నా పాఠం చెప్పుకోగలను. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ మాటే చెప్పింది. అంగవైకల్యం ఎంత శాతం అని కాదు, దాని వల్ల ఆ మనిషి చేసే పని ఎంత పోయిందో చూడాలంది. చెయ్యి పోయిన గుమాస్తా వేరు, చెయ్యి పోయిన వడ్రంగి వేరు అంది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. వాడికి 29 ఏళ్ళు. ఆ వయసుకి సరళా వర్మ తీర్పు ప్రకారం 17తో హెచ్చవేస్తారు. రోజుకి 900 సంపాదిస్తాడు, కానీ జీతం స్లిప్పు లేదు. కోర్టు తగ్గించి నెలకి 12,000 అనుకున్నా, సంపాదన 20 శాతమే పోయిందనుకున్నా, 4,89,600. అది కూడా రేపు పెరిగే కూలి కలపక ముందు, వైద్యం ఖర్చు కలపక ముందు. ఆ డబ్బు ఆసామి జేబులోంచి రాదు, ఆయన ప్రీమియం కట్టిన కంపెనీ ఇస్తుంది. ఈ సంగతి పెద్దమనుషులకి చెబితే ఆశ్చర్యపోయారు. వాళ్ళ భయం డబ్బు కాదు, కేసు. 30,000కి మేం కొనిపెట్టాల్సింది ఆ ఎఫ్ఐఆర్ లేకపోవడం.

ఆరో రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఆసుపత్రిలో ఆ మాట చెప్పింది కారు నడిపినవాడని, నేను తల ఊపానని, అది తప్పని అందులోనే రాశాను. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతానన్నాను, తీసుకున్నారు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టెయ్యకూడదని 2011లోనే తీర్పు ఉంది, రవి వర్సెస్ బద్రీనారాయణ్. 281, 125(బి) సెక్షన్లు పెట్టారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితం, అడిగి తీసుకోండి. బ్రేకిన్‌స్పెక్టరు రెండు బండ్లూ చూశాడు. కారు అద్దానికి మా హ్యాండిల్ గ్రిప్పు నల్లరంగు ఇంకా ఉంది.

కానీ సాక్షి కావాలి. చూసినవాడు ఒక్కడే, బరకం కప్పుతూ నిలబడ్డ మావయ్య. ఆయన చేసే చేను ఆ ఆసామి పాలివాళ్ళది. నేను వెళ్ళి అడగలేదు, అడిగే మొహం లేదు. అమ్మ వెళ్ళిందో, తమ్ముడి భార్య వెళ్ళిందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఒకరోజు ఆయనే పంచె కట్టుకుని, పైన ఉతికిన చొక్కా వేసుకుని స్టేషన్‌కి వచ్చాడు. "కారు ఆగలేదండి. ఆగితే ఈళ్ళు పడేవోళ్ళు కాదండి. ధాన్యం నాదేనండి" అన్నాడు. మూడే ముక్కలు. మూడోది ఎవరూ అడగలేదు.

జనవరిలో దాళ్వాకి ఆయనకి చేను ఇవ్వలేదు. కారణం చెప్పలేదు. కౌలు కాగితమే లేనప్పుడు కారణం ఎవరు చెప్పాలి? ఆ కుర్రాడి ప్రయాణం ఆ ఏడు ఆగింది. నేను సంతోషించలేదు, సంతోషించమని మనవాళ్ళే కొందరు ఫోన్ చేశారు.

క్లెయిమ్‌కి గడువు ఆరు నెలలు, 2022 ఏప్రిల్ నుంచి. మునుపటిలా ఎప్పుడైనా వేసుకోవచ్చని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకునే లాయర్లుంటారు, అది బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్ని ఇస్తుంది. మేం అలాగే వెళ్ళాం. మే నెలలో, గడువుకి తొమ్మిది రోజులు ఉందనగా సంతకాలు. ఆ నెలలోనే రోడ్డు ప్రమాదాల్లో దెబ్బ తగిలినవాళ్ళకి లక్షన్నర దాకా నగదు లేని వైద్యం పథకం వచ్చింది, మాకు ఐదు నెలలు ఆలస్యంగా.

తమ్ముడు ఎడమ చేత్తో సంతకం పెడుతూ మధ్యలో ఆగాడు. "మూడో ప్రతివాది ఎవరన్నా?"

"నేనేరా."

ప్రమాదంలో రెండు బండ్లుంటే వెనక కూర్చున్నవాడు ఇద్దరి మీదా వేస్తాడు. ఇద్దరిదీ తప్పని తేలినా మొత్తం ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చు, 2015లో ఖెన్‌యెయి కేసులో అదే చెప్పారు. నా బండికి ఇన్సూరెన్స్ లేదు కాబట్టి నాది తప్పని ఏ కొంచెం తేలినా అది నేనే కట్టాలి. ఒకటిన్నర వేల కోసం బద్ధకించాను. వాడు కాసేపు ఆ పేరు చూశాడు. "మరి వాయిదాకి ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళొచ్చా?" అన్నాడు. లాయరుగారు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు బస్సులో వెళ్తున్నాను. తమ్ముడు టైల్స్ షాపులో లెక్కలు రాస్తున్నాడు, నెలకి 9,000. మావయ్య ఈ సార్వాలో వేరేవాళ్ళ ధాన్యానికి కూలికెళ్ళాడు. అదే గట్టు మీద, అదే చోట కుప్పలు. మొన్న రాత్రి బస్సు దిగి నడిచి వస్తుంటే బరకాల అంచుల్లో రాళ్ళ బదులు ఇసక నింపిన తెల్ల ఎరువుల సంచులు కనిపించాయి, చీకట్లో దూరం నుంచే. ఎవరు పెట్టారని అడిగితే మావయ్య పేరు చెప్పారు.

వాయిదా జనవరిలో ఉంది.