డేటోనా మలుపుల్లో డానికా

ఫ్లోరిడా వెళ్లిన మనవాళ్లు సాధారణంగా రెండు చోట్లు చూసి వస్తారు. ఒకటి ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్, రెండోది సముద్రం ఒడ్డున ఉన్న కెన్నెడీ అంతరిక్ష కేంద్రం. ఓర్లాండో నుంచి ఈశాన్యంగా ఓ గంట కారులో వెళితే మూడోది కూడా ఉంది... డేటోనా బీచ్. ఆ ఊరి విమానాశ్రయం పక్కనే కొండలా లేచిన గ్యాలరీ కనిపిస్తుంది. లక్షమందికి పైగా కూర్చోగలిగే ఆ గ్యాలరీని 40 కోట్ల డాలర్లు పోసి తీర్చిదిద్ది, 2016లో తెరిచారు. అదే డేటోనా ఇంటర్నేషనల్ స్పీడ్‌వే. అమెరికాలో స్టాక్ కార్ పందేలకు కాశీ లాంటిది.

సొరంగంలోంచి ట్రాక్ లోపలికి వెళ్లినవాళ్లు ముందుగా నోరెళ్లబెట్టేది మలుపుల్ని చూసే. టీవీలో మామూలు రోడ్డులా కనిపించే చోటు అక్కడ ఏటవాలు గోడలా నిలబడి ఉంటుంది. 31 డిగ్రీల వాలు మరి! నడిచి పైకెక్కాలంటే చేతులు కూడా ఆనించాల్సిందే. అంత ఎత్తున గట్లు పోయడానికి మట్టి అక్కడే తవ్వారు. ఆ గుంత ఇప్పుడు ట్రాక్ మధ్యలో పెద్ద చెరువు. పేరు లేక్ లాయిడ్. పందెం వారంలో దాని చుట్టుపక్కల ఇళ్లలాంటి బళ్లు వేసుకుని కుటుంబాలు కుటుంబాలే మకాం పెడతాయి.

ఏటా ఫిబ్రవరిలో ఇక్కడ జరిగేది 'డేటోనా 500'. చుట్టుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 200 చుట్లు. కార్లు బయటికి షోరూమ్ బొమ్మల్లాగే ఉంటాయి. లోపల మాత్రం ఇనుప గొట్టాల పంజరం, ఒకే ఒక్క సీటు. ఆ సీట్లో కూర్చుని ఈ గోడల్ని చాలాసార్లు చూసిన మహిళ డానికా పాట్రిక్.

అయిదు రోజులు... మూడు ప్రమాదాలు

డానికా ఇక్కడికి వచ్చేనాటికే పేరున్న డ్రైవరు. 1982లో పుట్టింది. పదేళ్లకే గో కార్ట్ నడిపింది. పదహారేళ్లకు పందేలు నేర్చుకోవడానికి ఇంగ్లాండు వెళ్లింది. 2005లో ఇండియానాపోలిస్ 500లో నాలుగో స్థానం. 2008లో జపాన్‌లోని మొటెగీలో గెలిచి, ఇండీకార్ పందెం నెగ్గిన తొలి మహిళ అయింది. అవి చక్రాలు బయటికి కనిపించే తేలికపాటి కార్లు. స్టాక్ కారు బరువూ వేరు, తీరూ వేరు.

2010 ఫిబ్రవరిలో డేటోనాలోనే ఆమె ఈ ఆటలోకి అడుగుపెట్టింది. మొదటిది చిన్నస్థాయి ఆర్కా పందెం. కారు గిర్రున తిరిగి గడ్డిలోకి దూసుకుపోయినా మళ్లీ పట్టాలెక్కించి ఆరో స్థానంలో నిలిచింది. సరిగ్గా వారం తర్వాత నాస్కార్ రెండో శ్రేణి పందెంలో మాత్రం ప్రమాదంలో ఇరుక్కుని 35వ స్థానంతో సరిపెట్టుకుంది.

2012 ఫిబ్రవరి ఇంకా కష్టకాలం. 23న అర్హత పందెం. ఆఖరి చుట్టులో వెనక కార్లు ఒకదాన్నొకటి తాకి ఆమె కారును నెట్టేశాయి. లోపలివైపు గోడ మీదకు కారు దూసుకుపోతోంది. ఆ క్షణంలో ఆమె స్టీరింగ్ వదిలేసింది! చూసినవాళ్లు భయంతో అనుకున్నారేమో గానీ అది ఇండీకార్లలో నేర్చుకున్న పాఠం. చక్రం గోడకు తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా మెలితిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. 25న మరో పందెం. అందరికంటే ముందు వరుసలో మొదలుపెట్టి, సొంత జట్టు కారు తగలడంతోనే దెబ్బతింది. వాన వల్ల 27కి వాయిదా పడిన డేటోనా 500లో రెండో చుట్టులోనే మూడో ప్రమాదం. కారుకు రిపేర్లు చేయించుకుని అరవైకి పైగా చుట్లు వెనకబడిపోయినా మళ్లీ ట్రాక్ మీదకొచ్చింది. 38వ స్థానం.

'ఆడది నడిపితే అంతే' అన్నవాళ్లకు ఆ వారం పండగే. అదే రెండో చుట్టులో అప్పటికే అయిదుసార్లు ఛాంపియన్ అయిన జిమ్మీ జాన్సన్ కారు కూడా తుక్కయింది. అతను ఇంటిదారి పట్టాడు. అతని డ్రైవింగ్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

డేటోనాలో ప్రమాదాల లెక్కే వేరు. ఇక్కడ వేగం మరీ హద్దు మీరకుండా ఇంజిన్ శక్తిని కావాలనే తగ్గిస్తారు. దాంతో ఎవరూ ఎవరినీ వదిలించుకుని ముందుకెళ్లలేరు. పైగా ముందు కారు గాలిని చీలుస్తుంటే దాని వెనకున్న కారుకు శ్రమ తగ్గుతుంది. బస్సు వెనకాలే సైకిలు తొక్కినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పాతికా ముప్ఫై కార్లు జానెడు దూరంలో, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో గుంపుగా పోతుంటాయి. ఒకటి తూలితే పది తుక్కవుతాయి. దానికి అభిమానులు పెట్టుకున్న పేరు 'ద బిగ్ వన్'. మహామహుడు డేల్ ఎర్న్‌హార్ట్ ఇక్కడ గెలవడానికి 20 సార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. 1998లో గెలిచాడు. 2001లో ఇదే ట్రాక్‌లో ఆఖరి చుట్టులో గోడను ఢీకొట్టి చనిపోయాడు. మెడకు రక్షణనిచ్చే పట్టీని తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. దెబ్బను మింగేసే మెత్తటి గోడలు కూడా ఆ తర్వాతే వచ్చాయి. అప్పటికీ అన్నిచోట్లా పెట్టలేదు. 2015లో కైల్ బుష్ వట్టి కాంక్రీటు గోడకు తగిలి కాలు విరగ్గొట్టుకున్నాక గానీ మిగతా చోట్లు గుర్తుకు రాలేదు.

భర్త కారుతో పందెం

ఈ ట్రాక్ 1959లో వచ్చింది. అంతకుముందు పందేలు సముద్రం ఒడ్డునే! ఒకవైపు తడి ఇసుక మీద, తిరుగుప్రయాణం పక్కనున్న తారురోడ్డు మీద. నాస్కార్ 1948లో ఈ ఊళ్లోనే పుట్టింది. మరుసటి ఏడాది జులైలో అక్కడ జరిగిన పందెంలో ముగ్గురు మహిళలు పాల్గొన్నారు... సారా క్రిస్టియన్, ఎథెల్ మోబ్లీ, లూయీజ్ స్మిత్. పందెగాళ్లయిన అన్నదమ్ముల్లో ఇద్దరిని వెనక్కి నెట్టి ఎథెల్ 11వ స్థానంలో నిలిచింది.

లూయీజ్ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పందెం చూసొస్తానని భర్త కొత్త ఫోర్డు కారులో డేటోనా వచ్చి, చూస్తూ కూర్చోలేక అదే కారుతో పందెంలోకి దిగి తుక్కు చేసిందట. ఇంటికి బస్సులో వెళ్లి, కారు దారిలో చెడిపోయిందని చెప్పిందట. భర్త మాట్లాడకుండా పేపరు ముందు పెట్టాడట. అందులో నుజ్జయిన తమ కారు ఫోటో! ఆ తర్వాత ఆమె ఆగిందా అంటే లేదు. 1999లో అంతర్జాతీయ మోటార్ క్రీడల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కిన తొలి మహిళ ఆమే.

1977లో ఈ ట్రాక్ మీద డేటోనా 500 ఆడిన తొలి మహిళ జానెట్ గత్రీ. భౌతికశాస్త్రం చదివిన ఇంజినీరు, విమానం నడపడం కూడా వచ్చు. మరో పది చుట్లు ఉన్నాయనగా ఎనిమిదో స్థానంలో ఉంది. ఇంజిన్ మొరాయించి 12వ స్థానానికి జారింది. 1980లో 11వ స్థానం. మొత్తం 33 పెద్ద పందేలు నడిపి తప్పుకుంది. ఏ గోడా ఆమెను ఆపలేదు, స్పాన్సర్లు దొరకలేదు.

డబ్బు గోడ

2013 ఫిబ్రవరిలో డానికా గంటకు 316 కిలోమీటర్ల వేగంతో అందరికంటే ముందు నిలబడే అర్హత సంపాదించింది. నాస్కార్ అగ్రశ్రేణిలో ఏ మహిళకూ అంతకుముందు దక్కని స్థానమది. పందెంలో అయిదు చుట్లు అందరికంటే ముందు నడిచింది. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి మూడో స్థానం. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. వెనకనుంచి అనుభవజ్ఞులు జతకట్టి దాటేశారు. చివరికి ఎనిమిది. డేటోనా 500లో అప్పటిదాకా ఓ మహిళ సాధించిన అత్యుత్తమ స్థానం అదే. గెలిచింది ఎవరనుకున్నారు... నిరుడు రెండో చుట్టులో తుక్కయిన జిమ్మీ జాన్సన్!

ఆ మెరుపు మళ్లీ మెరవలేదు. 2014లో అట్లాంటాలో వచ్చిన ఆరో స్థానమే ఆమెకు అత్యుత్తమం. 191 అగ్రశ్రేణి పందేల్లో తొలి పదిలో నిలిచింది ఏడుసార్లు. ప్రమాదాలన్నిటినీ పక్కవాళ్ల ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది. బరువైన కారుతో ఆమెకు పూర్తిగా పొత్తు కుదరలేదన్నది నిజం. 2017 మేలో కాన్సస్‌లో మరో కారు బ్రేకు పగిలి వచ్చి ఢీకొట్టడంతో ఆమె కారు మంటల్లో చిక్కుకుంది. తనంతట తానే దిగి నడిచివచ్చింది. వెనక వచ్చి తగిలిన అరిక్ అల్మిరోలాకు వెన్నుపూస విరిగింది. ఆ సీజన్ మొదలవకముందే ఆమె ప్రధాన స్పాన్సరు తప్పుకుంది. కారు ప్రతి వారం నడవాలంటే కోట్లు కావాలి.

2018 ఫిబ్రవరి 18న డేటోనాలోనే ఆఖరి స్టాక్ కార్ పందెం. సగం దాటీదాటగానే గుంపులో ప్రమాదం. 35వ స్థానం. ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే నాస్కార్‌లో మొదటిసారి వచ్చింది కూడా ఆ అంకెే.

తర్వాతివాళ్ల సంగతీ ఇంతే. ఫ్లోరిడాకే చెందిన జొహానా లాంగ్ 18 ఏళ్లకే, 2010లో, పెన్సకోలాలో పేరుమోసిన స్నోబాల్ డెర్బీ గెలిచింది. మగవాళ్లకే అరుదైన విజయం. డబ్బున్న జట్టు దొరక్క కొన్నేళ్లకే కనుమరుగైంది. 2020లో డేటోనా ఆర్కా పందెంలో రెండో స్థానం తెచ్చుకున్న హేలీ డీగన్ 2024లో సీజన్ మధ్యలోనే జట్టుకు దూరమైంది. 2025 మార్చిలో ఫీనిక్స్‌లో కాథరిన్ లెగ్ బరిలోకి దిగేదాకా అగ్రశ్రేణిలో మరో మహిళే లేదు. ఆ రోజు ఆమె కారు రెండుసార్లు గిర్రున తిరిగింది, విమర్శలు కుమ్మరించారు. జులైలో ఇండియానాపోలిస్‌లో అదే లెగ్ 17వ స్థానంలో నిలిచింది. అది చాలామందికి తెలియనే తెలియదు.

డేటోనా వెళ్లేవాళ్లు ట్రాక్ చూశాక బీచ్‌కు కూడా వెళ్లొచ్చు. లూయీజ్ ఫోర్డు నడిపిన ఆ ఊరి ఇసుక మీద కొన్నిచోట్ల ఇప్పటికీ కార్లు తిరగనిస్తారు. రుసుము కట్టాలి. వేగం మాత్రం గంటకు 16 కిలోమీటర్లు దాటకూడదు.