సంసార ఖండంలో పదహారెకరాల చెక్క

నిడదవోలులో బండి మారి తణుకులో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క ఇంట్లో భోంచేసి నడుం వాలుద్దామనుకున్నాను గానీ మేనల్లుడు వాలనివ్వలేదు. హైదరాబాదు ఆఫీసు పనిని మేడమీద గదిలో కూర్చుని చేస్తుంటాడు వాడు. "మావయ్యా, ఊళ్ళు తిరిగి రాస్తావు కదా, కుర్చీలోంచి లేవకుండా తిరిగే ఊరొకటుంది, రా" అన్నాడు.

ఆ ఊరి పేరు సెకండ్ లైఫ్. అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003 జూన్‌లో జనానికి తెరిచింది. దాన్ని ఆట అనకూడదట. గెలవడం, ఓడడం, పాయింట్లు ఏమీ లేవు. వెళ్ళి ఉండటమే పని. లక్షల మంది ఉన్నారని, ఎటు చూసినా జనమేనని వాడు చెప్పాడు.

ఇలాంటి లోకాల గురించి అంతకుముందు పేపర్లో చదివినవీ పెద్ద కబుర్లే. 2022 ఫిబ్రవరిలో తమిళనాడులో ఒక జంట పెళ్ళి రిసెప్షన్ మెటావర్స్‌లో చేసుకున్నారు. పెళ్ళికూతురి తండ్రి అప్పటికే కాలం చేస్తే, ఆయన రూపాన్ని తయారుచేయించి అక్కడ నిలబెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అంతరిక్ష సాంకేతిక విధానాన్ని మెటావర్స్‌లోనే విడుదల చేసింది. ఆ రెండూ జరిగింది వేరే వేదికల మీద. అయినా నా మనసులో ఆ హడావిడే ఉంది.

పేరు రాయించుకుని, చూపించిన బొమ్మల్లోంచి ఒక మనిషిని ఎంచుకుని లోపలికి వెళ్ళాను. వెళ్ళగానే ఒళ్ళు రాలేదు. ఉన్నది ఒక పొగమబ్బు. నెట్ నెమ్మదిగా ఉంటే అంతేనని మేనల్లుడు చెప్పాడు. కాసేపటికి మబ్బు విడిపోయి బూడిదరంగు మనిషి తేలాడు. తర్వాత చొక్కాకు రంగొచ్చింది, ఆ తర్వాత మొహం. చుట్టుపక్కల గోడలూ అలాగే ఒక్కొక్కటే తేరుకున్నాయి. నా పక్కన ఇంకో మబ్బు నిలబడి ఉంది. పలకరిద్దామనుకునేలోపే మాయమైంది.

కొత్తవాళ్ళకని కట్టిన చోటది. ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో బోర్డులు పెట్టారు. ఎఫ్ అక్షరం నొక్కితే గాల్లోకి లేచాను. ఎగరడం తేలికే, దిగడమే రాలేదు. ఎత్తునుంచి పడ్డా దెబ్బ తగల్లేదు, బొమ్మ లేచి మళ్ళీ మామూలుగా నిలబడింది. అక్క కాఫీ తెచ్చి తెరవైపు ఒకసారి చూసింది. "నీ జుట్టు ఇంత నల్లగా ఎప్పుడుందిరా?" అని వెళ్ళిపోయింది.

ఊరి పాతభాగం చూడాలన్నాను. అక్కడి ఖండాల్లో అన్నిటికన్నా పాతదాని పేరు సంసార. టెలిపోర్ట్ అనే మీట నొక్కితే తెర నల్లబడింది, మళ్ళీ వెలుతురొచ్చేసరికి అక్కడున్నాను. బస్సు కోసం నిలబడే బాధ లేదు గానీ దారిలో ఏం వదిలేశామో కూడా తెలియలేదు. అందుకని అక్కడినుంచి నడిచే వెళ్ళాను. మొదట పుట్టిన ప్రాంతం దా బూమ్ అన్నారు. వెళ్ళి చూస్తే ఇళ్ళు, చెట్లు, రోడ్డు. ఇదే మొదటిదని చూడగానే తెలిసేలా నా కంటికేమీ ఆనలేదు. ఆ మాటకొస్తే తణుకులోనూ అంతే. నన్నయ ఇక్కడ యజ్ఞం చేశాడని ఊళ్ళో అందరూ చెప్తారు. ఆ చోటెక్కడండీ అని ఇందాక స్టేషను నుంచి వస్తూ అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపించారు.

ఆ లోకం నేలను చదరపు చెక్కలుగా కోశారు. ఒక్కో చెక్క 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. మన లెక్కలో పదహారెకరాల పైచిలుకు. ఒక చెక్కలోంచి ఇంకో చెక్కలోకి అడుగుపెట్టినప్పుడల్లా బొమ్మ చిన్నగా కుదుపుకు లోనైంది. అంటే గట్టు దాటానన్నమాట. రోడ్డు వారగా దుకాణాలున్నాయి. బట్టలు, కుర్చీలు, చెప్పులు, ఒకచోట రెక్కలు కూడా అమ్మకానికి పెట్టారు. ధరలు లిండెన్ డాలర్లలో రాశారు. అమెరికా డాలరుకు ఇంచుమించు 250 వస్తాయన్నారు, అంటే మన రూపాయికి మూడు దాకా. దీపాలు వెలుగుతున్నాయి, తలుపులు తీసే ఉన్నాయి. కొనేవాళ్ళూ లేరు, అమ్మేవాళ్ళూ లేరు. చాలాసేపు నడిచినా ఒక్క మనిషి ఎదురుపడలేదు. నడుస్తుండగానే పొద్దుగుంకింది. అక్కడ పగలు మూడు గంటలు, రాత్రి ఒక గంటే.

ఒక మేడ బాగుందని దగ్గరికి వెళ్తే గాల్లో ఎర్రటి అక్షరాలు లేచాయి, ప్రవేశం లేదని. ఎగిరి దాటబోతే అక్కడా అవే అక్షరాలు. ఇంటాయన కోరితే అలా కంచె వేసుకోవచ్చట. ఇంటి ముందు గడ్డి, చెరువులో హంస, వరండాలో రెండు కుర్చీలు కనిపించాయి. ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు.

2007లో మాల్దీవులు, వెనువెంటనే స్వీడన్ ఈ లోకంలో దౌత్య కార్యాలయాలు తెరిచాయి. రాయిటర్స్ వార్తాసంస్థ 2006లోనే ఇక్కడొక విలేకరిని పెట్టింది. వాటిని చూసి వద్దామని వెతికాను. నాకు ఏదీ దొరకలేదు. నేను వెతికిన తీరులో లోపముందో, అవే లేవో తేల్చుకోలేకపోయాను.

"జనం ఏరిరా?" అన్నాను మేనల్లుడితో. "మధ్యాహ్నం కదా వెళ్ళావు మావయ్యా, వాళ్ళకప్పుడు అర్ధరాత్రి, నిద్రలో ఉంటారు. పొద్దున్నే వెళ్ళు" అన్నాడు. అక్కడి గడియారం కాలిఫోర్నియా టైము చెప్తుంది.

మర్నాడు తెల్లవారి లేచి, టీ తాగి మళ్ళీ వెళ్ళాను. పాటకచేరీ జరుగుతున్న చోటొకటి వాడే వెతికి పెట్టాడు. అక్కడ నిజంగానే జనమున్నారు. వేదిక మీద ఒక బొమ్మ గిటారు పట్టుకుని నిలబడింది. గొంతు మాత్రం ఎక్కడో ఇంట్లో కూర్చుని అప్పటికప్పుడు పాడుతున్న మనిషిది. మధ్యలో దగ్గాడు, క్షమించమన్నాడు. ముందున్న జాడీని నొక్కితే అతనికి డబ్బు చేరుతుంది. చూస్తున్నవాళ్ళలో నక్క తల మనిషొకడు, పట్టు గౌనుల ఆడవాళ్ళు, నాలాంటి కొత్త చొక్కాలు ఇద్దరో ముగ్గురో. డాన్సు చేస్తున్నవాళ్ళందరి కాళ్ళూ ఒకే అడుగు వేస్తున్నాయి. అక్కడున్న గోళాన్ని నొక్కితే నా కాళ్ళూ అదే అడుగు వేశాయి.

పక్కనున్న ఒకరు కొత్తా అని రాశారు. అవునన్నాను. తను 2007 నుంచి వస్తున్నానని, అప్పట్లో ఇలాంటి చోట నిలబడటానికి జాగా దొరికేది కాదని రాశారు. ఆడో మగో, ఏ దేశమో నాకు తెలియదు. చెప్పినదానికి వేరే సాక్ష్యమూ లేదు. మీదే ఊరని అడిగితే తణుకు అని రాశాను. గోదావరి కాలవల పక్కన, వరి పండే ఊరని కూడా చెప్పాను. తను పడవలు తయారుచేసి అమ్ముతానన్నారు. ఎలాంటి పడవలని అడిగేలోపు నెట్ పోయింది. మళ్ళీ వెళ్ళేసరికి తను లేరు, పాట మాత్రం సాగుతోంది.

కిందికి దిగేసరికి బావ చేనునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఏం చూశావోయ్ అన్నాడు. పదహారెకరాల చెక్కల సంగతి చెప్పాను. మిగతావన్నీ వదిలేసి దాన్నే పట్టుకున్నాడు.

"అమ్ముతారా?"

అమ్ముతారన్నాను. పన్నెండున్నర సెంట్లంత చిన్న ముక్కలూ ఉన్నాయని, కొన్నాక కూడా నెలనెలా సంస్థకు కట్టాలని చెప్పాను.

"కొన్నాక మళ్ళీ శిస్తా? నెలనెలానా?" అంటూ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "కట్టకపోతే?"

పోతుందని మేనల్లుడు మేడమీంచి అరిచాడు. "ఇంతకీ అక్కడ వరి వేయచ్చా?" అన్నాడు బావ. వేయచ్చు గానీ నాటిన బొమ్మ పెరగాలంటే అందుకు ప్రోగ్రామ్ రాయాలని వాడు చెప్పాడు. బావ ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఆయ్, మరి కోతకు కూలీలు దొరుకుతారా?"