రెండోసారి దొరికినవాడికి సజా ఎంత?

ఉర్దూ మీడియం బడిలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు అని చదువుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే మాట 'ముద్దాయి' అయి, నిందితుడు అనే అర్థంతో ఎదురొచ్చింది. ఉర్దూలో నిందితుణ్ణి 'ముద్దఆ అలైహ్' అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ 'అలైహ్' దారిలో ఎక్కడో రాలిపోయింది, పాపం ఫిర్యాదీ వెళ్లి బోనులో నిలబడ్డాడు! కచేరీ మాటల్లో సగం మనవే కదా. వకీలు, జామీను, వాయిదా, ఖైదు, జప్తు. కానీ నాకు ఎక్కువ చికాకు తెప్పించేది మన తెలుగు పత్రికల మాట: 'పాత నేరస్థుడు'. ఉర్దూ అఖ్బార్లు అతణ్ణే 'ఆదీ ముజ్రిమ్' అంటాయి. రెండూ ఒకటి కావు. మొదటిది లెక్క: ఇంతకుముందు ఒకసారి శిక్ష పడింది. రెండోది ఫైసలా: వీడికి జుర్మ్ ఆదత్ అయిపోయింది. లెక్క చూసి ఫైసలా రాసెయ్యడం చాలా ఆసాన్.

మా మొహల్లాలో ఒక ఖాలా ఉంది. జర్దోజీ పని చేసి పిల్లల్ని పెంచింది. పెద్దోడు పంతొమ్మిదేళ్లప్పుడు ఆటో బ్యాటరీ ఎత్తుకెళ్లి దొరికాడు. జామీను నిలబడేవాళ్లు లేక నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. "ఒప్పేసుకో, ఉన్న నాలుగు నెలలే శిక్ష కింద పోతాయి, ఇంటికెళ్లిపోతావు" అన్నారు ఎవరో. ఒప్పుకున్నాడు, వచ్చేశాడు. ఆ పూట ఇంట్లో ఖుషీయే ఖుషీ. ఆ ఒప్పుకోలు ఒక కాగితమై ఫైల్లో కూర్చుందని ఎవరికి తడుతుంది? ఆరేళ్ల తర్వాత ఇంకో బ్యాటరీ. అప్పటికి పాత చట్టమే. మేజిస్ట్రేటు ఆ కాగితం చూసి రెండేళ్లు వేశారు.

ఖాలా నన్ను పట్టుకుని అడిగింది. "పహలే వాలే కీ సజా కాట్‌కో ఆయా నా బేటా, ఫిర్ ఉసీచ్ కే వాస్తే కైకు?" మొదటిదానికి శిక్ష తీర్చుకుని వచ్చాడు కదా, మళ్లీ దానికే ఎందుకు?

వకీళ్ల దగ్గర దీనికి తయారు జవాబు ఉంది. శిక్ష పాత నేరానికి కాదమ్మా, బుద్ధి తెచ్చుకోనందుకు అంటారు. అందులో నిజం లేకపోలేదు. దొంగకి అది రెండోసారి కావచ్చు, బ్యాటరీ పోయిన ఆటో డ్రైవరుకు అదే మొదటిసారి. పొద్దున్నే బండి కదలక, కిరాయి లేక, ఇంట్లో సౌదా లేక కూర్చున్న మనిషికి మన దయాగుణం గురించి ఏం చెబుతాం? గొలుసులు తెంపడమే రోజ్‌గార్‌గా పెట్టుకుని, మనుషుల్ని ఈడ్చి పడేసే ముఠాలకు సజా పెంచితే నాకు అభ్యంతరం లేదు. పాత శిక్షను కోర్టు లెక్కలోకి తీసుకోవాల్సిందే. నా పేచీ అల్లా ఆ లెక్క ఎలా వేస్తారన్న దగ్గరే.

మన చట్టం ఒక చోట చాలా జాగ్రత్త పడింది. పాత శిక్షను చూపించి ఎక్కువ సజా అడిగితే, ఇప్పటి నేరంలో దోషి అని తేలేదాకా ఆ పాత సంగతిని కోర్టులో చదవకూడదు. ముందు ఈ జుర్మ్, తర్వాతే ఆ హిస్టరీ. ఎంత మంచి నియమం! కానీ తేలిన తర్వాత మాత్రం తలుపులు బార్లా తెరుచుకుంటాయి. ఐపీసీ 75వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లు ఆపైన శిక్ష పడే ఆస్తి నేరంలో ఒకసారి దోషి అయినవాడు మళ్లీ అలాంటిదే చేస్తే పదేళ్లు, కాదంటే యావజ్జీవం కూడా వేయొచ్చు. భారతీయ న్యాయ సంహితలో అది 13వ సెక్షన్‌గా బతికే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. 5,000 రూపాయల లోపు సొత్తు, మొదటిసారి, సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవ చాలు. ఈ రహమ్ నాకు నచ్చింది. రెండోసారి దోషి అయితే మాత్రం ఏడాదికి తగ్గని కఠిన ఖైదు, ఐదేళ్ల దాకా. పాత 379లో ఇలాంటి కనీస గీత లేదు. రెండు దొంగతనాల మధ్య గడిచింది రెండు నెలలా, పదిహేనేళ్లా? ఆ గీత అడగదు. మధ్యలో పెళ్లి చేసుకుని, మెకానిక్ షెడ్డులో పనిచేసి, షెడ్డు మూతపడితే మళ్లీ జారాడా? అడగదు. మొదటి శిక్ష విచారణ జరిగి పడిందా, జామీను దొరక్క ఒప్పుకుంటే పడిందా? అదీ అడగదు. నా దృష్టిలో ఈ ఆఖరి ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. గరీబు ఖైదీ ఇంటికి వెళ్లడానికి పెట్టిన సంతకాన్ని, సాక్షుల్ని విని ఇచ్చిన తీర్పుతో సమానంగా తూచకూడదు.

ఇదైనా కోర్టులో జరిగేది. కోర్టు గడప తొక్కకుండానే 'ఆదీ' అయిపోయేవాళ్లు ఉన్నారు. 1986 నాటి పీడీ యాక్ట్ కింద 'గూండా' అనిపించుకోవడానికి ఒక్క కేసులో కూడా శిక్ష పడి ఉండనక్కర్లేదు. విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా లోపల పెట్టొచ్చు. తెలంగాణలో దీన్ని వాడుతున్న తీరును 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుపట్టింది. మామూలు చట్టంతో పోయే పనికి దీన్ని తీయొద్దంది. కేసు వేరు, శిక్ష వేరు. కేసు పోలీసు రాసింది, శిక్ష జడ్జి రాసింది. పాతబస్తీలో ఈ తేడా తెలియని ఇల్లుంటుందని నేననుకోను.

జుమా తర్వాత మసీదు మెట్ల మీద ఈ ముచ్చట వస్తే, "చేతులు నరికేస్తే సరి" అనే బుజుర్గ్ ఒకరైనా ఉంటారు. హజ్రత్, మన హనఫీ ఫిఖ్హ్‌లోనే మూడోసారి దొంగతనానికి నరకడం లేదు. తౌబా చేసేదాకా ఖైదు. అంటే వాడు మారాడా లేదా అని ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. నేను కోర్టుల్లో ఎక్కువగా చూసింది ఇది కాదు. శిక్ష మీద ముద్దాయి మాట వినాలని చట్టం చెబుతుంది కాబట్టి అడుగుతారు. "పెళ్లయింది సాబ్, పిల్లలున్నారు, మాఫ్ చేయండి" అంటాడు. రెండు నిమిషాలు. తర్వాత ఇంకో కేసు పిలుపు.

చూసే మనిషి చట్టంలో లేడా? ఉన్నాడు. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో మందలించి వదిలే మూడో సెక్షన్‌కు పాత శిక్ష ఉండకూడదన్న షరతుంది. మంచి నడవడికి పూచీ తీసుకుని పంపే నాలుగో సెక్షన్‌లో ఆ షరతు లేదు. ప్రొబేషన్ అధికారి రిపోర్టు ఉంటే దాన్ని జడ్జి చూడాలి కూడా. పాత శిక్ష ఉన్నవాడి గురించే ఆ రిపోర్టు ముందు తెప్పించాలి. ఇల్లు, పని, మధ్యలో గడిచిన ఏళ్లు, మొదటి శిక్ష ఎలా పడింది అన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత సజా పెంచితే పెంచండి, ఎందుకు పెంచారో తీర్పులో రాసి పెంచండి.

ఖాలా కొడుకు కేసులో అలాంటి రిపోర్టు లేదు. తీర్పు కాపీ నేను చదివాను. రెండేళ్ల ఖైదు, 500 రూపాయల జుర్మానా. జుర్మానాలోంచి నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకుంది, ఆ ఊసే అందులో లేదు. బ్యాటరీ కూడా దొరకలేదు. ఆటో డ్రైవరు వడ్డీకి తెచ్చి కొత్తది వేయించుకున్నాడు.