పాత రింగు అక్కడే ఉండిపోయింది

కారు ఇంజిన్ ఆయిల్ నేనే మారుస్తానంటే నాన్న నవ్వారు. "కోడ్ రాసే చేతులు కదరా!" ఆ మాటకే రోషం వచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో ఓ సాయంత్రం పని మొదలుపెట్టా. ఇంజిన్ కాస్త వేడెక్కించి ఆపితే ఆయిల్ పల్చబడి త్వరగా దిగుతుంది. డ్రెయిన్ బోల్ట్ విప్పి పాతదంతా తొట్టిలోకి వదిలా. పాత ఫిల్టర్ తీసేశా. కొత్తదాని రబ్బరు రింగుకి ఆయిల్ రాసి చేత్తోనే బిగించా. రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. మాన్యువల్‌లో ఉన్నంత ఆయిల్ పోశా. అంతా వీడియోలో చూసినట్టే! చీకటి పడింది, స్టార్ట్ చేసి చూడాలని తోచలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మానాన్నా అదే కారులో ఊరెళ్లాలి. నేను స్టార్ట్ చేశా. నాన్న వంగి కిందికి చూశారు, స్కూటర్ రోజుల అలవాటు.

"ఆపరా, ఆపు!"

నేల మీద తేనెరంగు మడుగు.

ఫిల్టర్ విప్పితే తెలిసింది. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉంది. దాని మీదే కొత్తది బిగించేశా. రెండు రింగులుంటే సరిగ్గా కూర్చోవు. ప్రెషర్ రాగానే ఆయిల్ చిమ్మేస్తుంది. అదే హైవే మీదైతే? ఆయిల్ లేక ఇంజిన్ పట్టేసేది. లోపల వాళ్లిద్దరూ!

ఇప్పుడు పాత ఫిల్టర్ విప్పగానే రింగు దానికే ఉందా అని చూస్తా. ఫిల్టర్ కూర్చునే చోటు తుడిచి, వేలితో తడిమి చూస్తా. ఆయిల్ పోశాక ఓ నిమిషం ఇంజిన్ నడిపి, కింద కారుతోందేమో చూస్తా. ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూస్తా.

ఆ రోజు నాన్న ఒక్క మాటా అనలేదు. మళ్లీ బిగిస్తుంటే టార్చ్ పట్టుకుని పక్కనే కూర్చున్నారు.